దీనీ చదువు, దున్యావీ చదువు: ఈ గీత గీసిందెవరు?

మన ముస్లిం సమాజంలో చదువుకు రెండు పేర్లున్నాయి. ఒకటి దీనీ తాలీమ్, రెండవది దున్యావీ తాలీమ్. మదర్సాకు వెళ్ళే పిల్లవాడిది మొదటిది, కాన్వెంటుకు వెళ్ళే పిల్లవాడిది రెండవది. ఇంట్లో ఇద్దరు కొడుకులుంటే ఒకణ్ణి అటూ, ఒకణ్ణి ఇటూ పంపించి, ఇహానికీ పరానికీ ఏర్పాటు చేసుకున్నామని తల్లిదండ్రులు తృప్తి పడతారు. ఈ విభజన ఇస్లాం నుంచే వచ్చిందనీ, మన పెద్దలంతా ఇలాగే చదువుకున్నారనీ చాలామంది నమ్మకం. మదర్సాలో చదివి, మదర్సాలోనే పాఠాలు చెబుతూ తల నెరిసిన మాకు అలా తోచడం లేదు. ఇప్పుడున్న రూపంలో ఈ గీత ఎక్కడ పడిందో, ఎప్పుడు పడిందో చరిత్రలో తేదీలతో సహా ఉంది. అది ఈస్టిండియా కంపెనీ కచేరీలో గీసిన గీత. కంపెనీ పోయింది, విక్టోరియా రాణి పోయింది, 1947లో తెల్లవారి జెండా దిగిపోయింది. గీత మాత్రం మదర్సా గోడ మీదా, బడి గోడ మీదా, అంతకన్నా లోతుగా మన బుర్రల్లోనూ చెక్కుచెదరకుండా ఉంది.

మేధో బానిసత్వం నుంచి విముక్తి అనే మాట ఈ మధ్య వేదికల మీద తరచుగా వినబడుతోంది. మంచిదే. అయితే దాని అర్థం ఇంగ్లీషును తిట్టడమనీ, ప్యాంటు వదిలి పైజామా తొడగడమనీ కొందరు అనుకుంటున్నారు. మన తలలో పరాయివాడు వదిలిపోయిన సామాను ఏదో ముందు గుర్తుపట్టాలి కదా! మనదేనని భద్రంగా దాచుకున్న పెట్టెలోనే వాడి సామాను ఉంటే?

పాత రోజుల్లో విద్యలో విభజనే లేదని కాదు. మన్‌ఖూలాత్, మాఖూలాత్ అనే రెండు తరగతులుండేవి. పరంపరగా విని నేర్చుకునేవి మొదటివి, బుద్ధితో తర్కించి నేర్చుకునేవి రెండవవి. ఆ రెండూ ఒకే ఉస్తాద్ దగ్గర, ఒకే చాప మీద కూర్చుని, ఒకే విద్యార్థి నేర్చుకునేవాడు. ఇమామ్ గజాలీ (మరణం 1111) వైద్యాన్నీ, గణితాన్నీ ఫర్జె కిఫాయాలో చేర్చారు. అంటే ఊళ్ళో కొందరైనా వాటిని నేర్చుకోకపోతే ఆ దోషం ఊరందరిదీ. తన కాలంలో అందరూ ఫిఖ్‌హ్ వెంటపడి వైద్యాన్ని ఇతరులకు వదిలేస్తున్నారని ఆయన మందలించారు కూడా.

మన దేశం సంగతి చూద్దాం. ఈనాటికీ మన మదర్సాలకు పునాదిగా ఉన్న దర్సె నిజామీని లక్నోలోని ఫిరంగీ మహల్‌లో ముల్లా నిజాముద్దీన్ (మరణం 1748) తీర్చిదిద్దారు. ఆ ఇల్లు ఒకప్పుడు ఐరోపా వర్తకుడిది, అందుకే ఆ పేరు. తరువాత ఔరంగజేబు దాన్ని ఆ కుటుంబానికి ఇప్పించాడు. ఫిరంగీ ఇంట్లో కూర్చుని మనవాళ్ళు గ్రీకు యూక్లిడ్ రేఖాగణితాన్ని అరబీలో చదివారు. ఇల్లు ఎవరు కట్టారన్నది వాళ్ళకు అడ్డం రాలేదు, గణితం ఎవరు కనిపెట్టారన్నదీ అడ్డం రాలేదు. ఆ పాఠ్యక్రమంలో తర్కం, తత్వశాస్త్రం గ్రంథాల పక్కన తఫ్సీర్, హదీస్ గ్రంథాలు చాలా తక్కువగా కనబడతాయి. ఎందుకంటే ఆ చదువు ఇమాములనూ, మువజ్జిన్లనూ తయారు చేయడానికే పెట్టింది కాదు. ఖాజీ, ముఫ్తీ, మున్షీ, లెక్కల అధికారి అందులోంచే రావాలి. దేశం నడపడానికి పనికివచ్చే చదువు అది.

1765లో బెంగాల్ దివానీ కంపెనీ చేతికి వచ్చింది. పన్ను వసూలుతో పాటు న్యాయం చెప్పే బాధ్యతా మీద పడింది. 1772లో వారెన్ హేస్టింగ్స్ ఒక ఏర్పాటు చేశాడు. వివాహం, వారసత్వం వంటి వ్యవహారాల్లో ముసల్మానులకు ఖురాన్ ధర్మం, హిందువులకు శాస్త్ర ధర్మం వర్తిస్తుందన్నాడు. వినడానికి ఎంతో ఉదారంగా ఉంది. మరి ఇంగ్లీషు జడ్జీకి అరబీ రాదు, మౌల్వీ మాట మీద నమ్మకమూ లేదు. అందుకని హేస్టింగ్స్ పూనికతో హిదాయా గ్రంథాన్ని కొందరు మౌల్వీలు అరబీ నుంచి ఫార్సీలోకి మార్చారు. ఆ ఫార్సీని చార్లెస్ హామిల్టన్ అనే కంపెనీ సైనికాధికారి ఇంగ్లీషులోకి మార్చాడు. 1791లో లండన్‌లో అది నాలుగు సంపుటాలుగా అచ్చయింది. అనువాదానికి అనువాదమన్నమాట.

ఇక్కడ కొంచెం నిలబడి చూడవలసిన సంగతి ఉంది. హిదాయా పాఠం చదివిన ప్రతి విద్యార్థికీ తెలుసు, ఆ గ్రంథం తహారత్‌తో, వుజూ నీళ్ళతో మొదలవుతుందని. తరువాత నమాజు, జకాత్, రోజా, హజ్ వస్తాయి. ఆ తరువాతే నికాహ్. హామిల్టన్ పుస్తకం తెరిస్తే మొదటి భాగమే జకాత్. రెండవది నికాహ్. తహారత్ లేదు, నమాజు లేదు, రోజా లేదు, హజ్ లేదు! జకాత్‌లో డబ్బు లెక్క ఉంది కనుక, పన్ను లాంటిదనిపించి దాన్ని ఉంచి ఉంటారు. మిగతావి కచేరీకి అక్కరలేదు. అల్లామా మర్గీనానీ (మరణం 1197) ఫర్‌గానా లోయలో పుట్టి, తన జీవితం ధారపోసి రాసిన గ్రంథంలో వుజూ చేసే మనిషీ, పెళ్ళి చేసుకునే మనిషీ, సరుకు అమ్మే మనిషీ ఒక్కడే. మొదటి అధ్యాయంలో చేతులు కడుక్కున్నవాడే వ్యాపారం అధ్యాయంలో త్రాసు పట్టుకుంటాడు. కంపెనీ కత్తెర ఆ మనిషిని రెండు ముక్కలు చేసింది. నమాజు ముక్క నీది, ఆస్తి ముక్క నాది అంది. మొదటి ముక్కకు మతమని పేరు, రెండవ దానికి చట్టమని పేరు.

జరిగిన నష్టం అంతటితో ఆగలేదు. ఫిఖ్‌హ్ గ్రంథం చదివే పద్ధతి ఒకటుంది. ఇమామ్ అబూ హనీఫా ఇలా అన్నారు, ఆయన శిష్యులు అబూ యూసుఫ్, ముహమ్మద్ ఇలా విభేదించారు, ఇమామ్ షాఫయీ మరోలా అన్నారు, ప్రతి మాటకూ ఆధారం ఇది, దానికి జవాబు ఇది, ఇలా సాగుతుంది. గురువును శిష్యుడు ఖండించిన మాట కూడా గౌరవంగా నమోదై ఉంటుంది. ముఫ్తీ ఆ చర్చనంతా కడుపులో పెట్టుకుని, ముందు కూర్చున్న మనిషి స్థితిగతులు, ఊరి ఆచారం, కాలం చూసి ఫత్వా ఇస్తాడు. ఇంగ్లీషు జడ్జీకి ఈ చర్చతో పని లేదు. పేజీ సంఖ్య కావాలి, సెక్షన్ లాగా ఒక వాక్యం కావాలి. ఆరువందల ఏళ్ళ నాటి చర్చా గ్రంథం కాస్తా కదలని చట్టం పుస్తకమైపోయింది. షరీఅత్ గడ్డకట్టిన వస్తువనీ, దానిలో ఆలోచనకు చోటు లేదనీ ఈనాడు కొందరు విమర్శిస్తారు. మనవాళ్ళలోనూ కొందరు దాన్ని గర్వంగా ఒప్పుకుంటారు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది హామిల్టన్ పుస్తకమే, అది వారికి తెలియకపోవచ్చు.

మెకాలే పేరెత్తకుండా ఈ విషయం మీద ఎవరూ మాట్లాడరు. 1835 ఫిబ్రవరిలో అతను రాసిన నోటు సంగతి అందరికీ తెలిసిందే. అరబీ, సంస్కృతం తనకు రావని తానే ఒప్పుకుని, ఆ రెండు భాషల వాఙ్మయానికీ విలువ కట్టిన మహానుభావుడు. అతన్ని తిట్టడంలో మనం చాలా కాలం ఖర్చు చేశాం. నిజానికి మదర్సా చదువును దెబ్బతీసినవి అంతగా పేరు రాని కాగితాలు. 1837లో కచేరీల్లో ఫార్సీ పోయింది. 1860లో శిక్షా స్మృతి వచ్చింది. 1864లో ఒక చట్టం తెచ్చి కోర్టుల్లో ముఫ్తీ, ఖాజీ పదవులు ఎత్తివేశారు. పుస్తకం ఇంగ్లీషులో ఉంది కదా, ఇక మనిషి ఎందుకు? దానితో మదర్సాలో చదివినవాడికి కచేరీలో మిగిలిన చివరి కుర్చీ కూడా పోయింది. ఇక మిగిలింది మిహ్రాబ్, మింబర్.

సరిగ్గా రెండేళ్ళకు, 1866లో, దేవబంద్ మదర్సా వెలిసింది. 1857 తరువాతి ఢిల్లీని చూసిన ఉలమాలు వాళ్ళు. ఇల్లు అంటుకున్నప్పుడు మనిషి ముందు దేన్ని తీసుకుని బయటపడతాడు? వాళ్ళు ఖురాన్‌నూ, హదీసునూ గుండెలకు హత్తుకుని బయటపడ్డారు. అందుకు మనం తరతరాలుగా వారికి రుణపడి ఉన్నాం. కానీ మంటల్లోంచి తెచ్చుకున్న మూటనే ఇల్లంతా అనుకోవడం వేరే సంగతి. తొమ్మిదేళ్ళకు, 1875లో, అలీగఢ్‌లో సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ మరో బడి తెరిచారు. ఒకరు గీతకు ఇటువైపు, మరొకరు అటువైపు. ఇద్దరి నిజాయితీనీ శంకించనక్కరలేదు. అయితే ఆ తరువాతి తరాలు గీతను చెరపాలనే ఆలోచన మాని, ఏ వైపు గొప్పదన్న వాదనలో పడ్డాయి.

ఈ గీత మన ఇళ్ళలోకి, ఆస్తుల్లోకి ఎలా నడిచివచ్చిందో తెలియాలంటే ఒక కేసు చూడాలి. 1894లో లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ అబుల్ ఫతా కేసులో తీర్పు చెప్పింది. ఆస్తిని వక్ఫ్ చేసి, దాని రాబడి తరతరాలుగా తన సంతానానికీ, వంశం అంతరించిన తరువాత పేదలకూ చెందాలని రాయడం వక్ఫ్ అలల్ ఔలాద్. అటువంటి వక్ఫు చెల్లదన్నారు. పేదల వంతు ఎప్పటికో వచ్చేది, అది పేరుకు మాత్రమే, కనుక ఇది ధర్మకార్యం కాదన్నారు. ఇంగ్లీషువాడి దృష్టిలో దానమంటే పరాయివాడికి ఇచ్చేది. మన ధర్మంలో మనిషి తన ఆలుబిడ్డల మీద పెట్టే ఖర్చు కూడా సదఖాయే. కలకత్తా హైకోర్టు జడ్జీ అమీర్ అలీ అంతకు ముందే హదీసులు, ఫిఖ్‌హ్ గ్రంథాలు ముందు పెట్టి ఈ సంగతి సవివరంగా రాశారు. ప్రీవీ కౌన్సిల్ వాటిని నీతిబోధలని పక్కన పెట్టింది. ముసల్మానుల ధర్మం ఏమిటో ముసల్మాను జడ్జీ చెబితే చెల్లలేదు, లార్డ్ హాబ్‌హౌస్ చెబితే చెల్లింది. పైగా ఆ తీర్పుకు ముహమ్మదీయ చట్టమని పేరు.

దానికి జవాబు ఎలా వచ్చిందో చూడండి. మౌలానా షిబ్లీ నోమానీ ఊరూరా అభిప్రాయాన్ని కూడగట్టారు. అమీర్ అలీ వాదనలు అప్పటికే అచ్చులో ఉన్నాయి. బారిస్టర్ జిన్నా 1911లో శాసనమండలిలో బిల్లు పెట్టారు. 1913లో చట్టం వచ్చి, అటువంటి వక్ఫులు చెల్లుతాయని తేల్చింది. మౌలానా, జడ్జీ, బారిస్టరు ముగ్గురూ ఒక పనికి కూడారు. గీతకు అటువైపువారూ ఇటువైపువారూ కలిస్తే ఏం జరుగుతుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు కనబడలేదు.

అయితే కుటుంబ వక్ఫులన్నీ పవిత్రమైనవేనా? కావు. అప్పులవాళ్ళకు అందకుండా ఆస్తి దాచుకోవడానికీ, ఆడపిల్లలకు వాటా తప్పించడానికీ వాటిని వాడుకున్నవారు ఉన్నారు. ఈజిప్టు 1952లో కుటుంబ వక్ఫులను తానే రద్దు చేసుకుంది. మంచిదా చెడ్డదా అన్నది వేరే విషయం, వాళ్ళ దేశంలో వాళ్ళు తేల్చుకున్నారు. మేధో స్వాతంత్ర్యం అంటే పాతదాన్నంతా కాపాడటం కాదు. ఉంచాలా, మార్చాలా, తీసేయాలా అన్న చర్చ మన గ్రంథాలతో మనమే చేయడం. 2025లో మన పార్లమెంటు ఆమోదించిన వక్ఫ్ సవరణ చట్టంలో, వక్ఫ్ అలల్ ఔలాద్ పేరుతో ఆడవారసుల హక్కు పోకూడదని ఒక నిబంధన ఉంది. ఆ చట్టంలోని అనేక ఇతర అంశాల మీద తీవ్రమైన అభ్యంతరాలు వచ్చాయి, అవి సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. ఆ చర్చ ఇక్కడ వద్దు. మా ప్రశ్న ఒక్కటే. ఆడపిల్ల వాటా ఖురాన్‌లోనే అంకెలతో సహా ఉండగా, ఈ మాట మన మింబర్ మీది నుంచి ముందు ఎందుకు రాలేదు?

అల్జీరియా మేధావి మాలిక్ బిన్ నబీ (1905–1973) ఈ సంగతే తనదైన పద్ధతిలో చెప్పారు. ఆయన పారిస్‌లో విద్యుత్ ఇంజనీరింగ్ చదువుకున్నవారు, ఫ్రెంచివారి పాలనను ఒంటి మీద అనుభవించినవారు. అయినా ఫ్రాన్సును తిట్టి ఊరుకోలేదు. పరాయి పాలనకు లొంగే గుణం మనలో ముందే పెరిగిందనీ, అది పోనంతకాలం పాలకుడు వెళ్ళిపోయినా పాలన మిగులుతుందనీ హెచ్చరించారు. ఈ మాట మింగుడు పడదు. కానీ 1937 షరీఅత్ చట్టం సంగతి చూడండి. పంజాబు వంటి చోట్ల ముస్లిం భూస్వాములు ఊరి ఆచారం పేరు చెప్పి కూతుళ్ళకు భూమి ఇచ్చేవారు కాదు. ఆ ఆచారం తొలగించి షరీఅత్ అమలు చేయాలని ఉలమాలు పట్టుబట్టగా చట్టమైతే వచ్చింది, వ్యవసాయ భూమిని మాత్రం దాని నుంచి మినహాయించారు. ఆస్తి అంటేనే పొలమైన దేశంలో పొలం తీసేస్తే ఇక మిగిలిందెంత? ఆ మినహాయింపు వల్ల లాభపడినవాడు తెల్లవాడు కాడు. నమాజు చదివే మన జమీందారే.

ఇక పునరుజ్జీవనం సంగతి. గత యాభై ఏళ్ళలో ఈ దిశగా పెద్ద ప్రయత్నాలే జరిగాయి. 1977లో మక్కాలో ముస్లిం విద్య మీద ప్రపంచ మహాసభ జరిగింది. పాలస్తీనా పండితుడు ఇస్మాయీల్ ఫారూఖీ ఆధునిక శాస్త్రాలన్నిటినీ ఇస్లామీకరించాలని ఒక ప్రణాళిక వేశారు. మలేసియాకు చెందిన సయ్యద్ హుసేన్ అలతాస్ అంతకుముందే, పరాయి సిద్ధాంతాలను వల్లెవేసే చెరపడిన బుద్ధి గురించి రాశారు. ఇవన్నీ గౌరవించదగిన కృషులే. కానీ ఆ తరువాత వచ్చిన పుస్తకాల్లో ఎక్కువ భాగం పాత ఆర్థికశాస్త్రానికి ముందు ఇస్లామీ అనే మాట తగిలించి, మధ్యలో రెండు ఆయతులు చేర్చినట్టుగా ఉన్నాయి. సీసా మీద చీటీ మార్చినంత మాత్రాన మందు మారుతుందా?

అంతకన్నా గట్టి పని మన హైదరాబాదులోనే జరిగింది. 1888లో స్థాపించిన దాయిరతుల్ మఆరిఫ్ అరబీ చేతిరాత ప్రతులను వెతికి, పోల్చి, అచ్చు వేసింది. అబూ రైహాన్ అల్‌బీరూనీ ఖగోళ గ్రంథం ఖానూనె మస్ఊదీ, జకరియా రాజీ వైద్య గ్రంథం అల్‌హావీ అచ్చులో వెలుగు చూసింది ఇక్కడే. హదీసు గ్రంథాల పక్కనే ఖగోళం, వైద్యం. ఆ పాత చాప గుర్తుకు రావడం లేదూ! కైరోలో, ఇస్తాంబుల్‌లో పరిశోధకులు ఈనాటికీ హైదరాబాద్ ముద్రణ అని ప్రత్యేకంగా పేర్కొంటారు. ఆ సంస్థ ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో ఉందన్న సంగతి హైదరాబాదు ముస్లిం యువకులు ఎంతమందికి తెలుసో!

1917లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ఫర్మానా వచ్చింది. బోధన ఉర్దూలో. వైద్యం, ఇంజనీరింగు కూడా ఉర్దూలోనే. పుస్తకాలు లేవు కనుక దారుల్ తర్జుమా ఏర్పడింది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాన్ని నడిపించారు. మౌలానా అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ, మీర్జా హాదీ రుస్వా, వహీదుద్దీన్ సలీమ్ వంటివారు అక్కడ పనిచేశారు. కొత్త పదాలు ఎలా చేయాలన్న దాని మీద సలీమ్ 1921లో ఏకంగా ఒక గ్రంథమే రాశారు. అర్థశాస్త్రానికి మాషియాత్ అనీ, మనస్తత్వశాస్త్రానికి నఫ్సియాత్ అనీ అలవాటైన మాటలు వందలకొద్దీ ఇలాంటి కృషితోనే స్థిరపడ్డాయి. విద్యార్థికి ఇంగ్లీషు ఒక సబ్జెక్టుగా తప్పనిసరి. అంటే ఇంగ్లీషును వెలివేయలేదు, దాని కుర్చీని మార్చారు. యజమాని కుర్చీలోంచి లేపి అతిథి కుర్చీలో కూర్చోబెట్టారు. మేధో విముక్తికి అంతకన్నా పెద్దమనిషి తరహా పద్ధతి ఉండదు.

కానీ ఒక లోపం చెప్పక తప్పదు. నిజాం రాజ్యంలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. మరాఠీ, కన్నడం వారూ లక్షల్లో ఉన్నారు. వాళ్ళకు ఉర్దూ ఇంగ్లీషు అంత దూరం కాకపోయినా, ఇంటి భాష మాత్రం కాదు. పరాయి భాష బరువు ఏమిటో తెలిసినవారే ఆ బరువును ఇరుగుపొరుగు పిల్లల నెత్తిన పెట్టారు. నల్లగొండ, వరంగల్ పల్లెల్లోని ముసల్మాను పిల్లలు సైతం వీధిలో తెలుగే మాట్లాడతారు. 1948 తరువాత ఆ విశ్వవిద్యాలయంలో ఉర్దూ మాధ్యమం పోయినప్పుడు దాని కోసం కన్నీరు పెట్టినవారు రాజ్యమంతటా లేకపోవడానికి ఇదీ ఒక కారణం.

1929 జనవరిలో అల్లామా ఇక్బాల్ మద్రాసు వచ్చి, అక్కడి నుంచి మైసూరు మీదుగా హైదరాబాదు వచ్చి, ఇస్లామీ ఆలోచన పునర్నిర్మాణం మీద ప్రసంగించారు. ఆ ప్రసంగాలు ఇంగ్లీషులో సాగాయి, 1930లో ఇంగ్లీషులోనే పుస్తకమయ్యాయి. ఉర్దూ అనువాదం వచ్చింది 1958లో, ఆయన కన్నుమూసిన ఇరవై ఏళ్ళకు. ఉర్దూలో, ఫార్సీలో అంతటి కవి! అయినా తన గంభీరమైన ఆలోచనను ఇంగ్లీషులో రాయవలసివచ్చింది. అందువల్ల ఆ పుస్తకం చదవవలసిన మౌల్వీల చేతికి అది సమయానికి చేరలేదు. చదివినవారిలో చాలామందికి అందులో ప్రస్తావించిన ఫిఖ్‌హ్ చర్చలు తెలియవు. మళ్ళీ అదే గీత.

ఆ గీతను దాటినవాడు ఒకడు మన పాతబస్తీ గల్లీల్లోంచే వచ్చాడు. డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ (1908–2002) జామియా నిజామియాలో, ఉస్మానియాలో చదివి, జర్మనీ, ఫ్రాన్సు వెళ్ళి పట్టాలు పొందారు. హదీసులు దైవప్రవక్త (సఅసం) తరువాత చాలా కాలానికి గాని రాతలోకి రాలేదని ఐరోపా పండితులు వాదించేవారు. హమీదుల్లాహ్ సాహెబ్ ఆవేశపడి కరపత్రం రాయలేదు. బెర్లిన్‌లో, డమాస్కస్‌లో ఉన్న చేతిరాత ప్రతులను పోల్చి, హజ్రత్ అబూ హురైరా (రజి) శిష్యుడు హమ్మామ్ బిన్ మునబ్బిహ్ కూర్చిన సహీఫాను ప్రచురించారు. ఆ తొలి తరంలో కూర్చిన హదీసులు తరువాతి పెద్ద గ్రంథాల్లో ఉన్నవాటితో ఎంత దగ్గరగా సరిపోతున్నాయో చూడండని ముందు పెట్టారు. ప్రశ్న వాళ్ళది, పరిశోధన పద్ధతిలో కొంత వాళ్ళది, ప్రతి ఒకటి వాళ్ళ నగరంలోనే ఉంది. జవాబు మాత్రం మదర్సాలో హదీసు చదివినవాడే ఇవ్వగలిగినది.

ఇప్పుడు తెలుగు సంగతికి వద్దాం. దీన్ అనే మాటను మనం తెలుగులో మతం అంటున్నాం. మతం అంటే సంస్కృతంలో అభిప్రాయం, అనుకున్నది. అభిమతం, సమ్మతం, బహుమతం అన్న మాటల్లో ఆ అర్థం ఇంకా బతికే ఉంది. ఉర్దూలో మజ్‌హబ్ అంటున్నాం. ఫిఖ్‌హ్ గ్రంథాల్లో మజ్‌హబ్ అంటే ఒక ఇమాము అనుసరించిన మార్గం, హనఫీ, షాఫయీ అన్నట్టు. ఆ మాటను విస్తరించి వాడటం ఆంగ్లేయులకు ముందే ఫార్సీలో ఉంది. కానీ ఇంగ్లీషువాడి రెలిజియన్ వచ్చాక మజ్‌హబ్, మతం రెండూ దాని కొలతకు కుంచించుకుపోయాయి. గుడిలో, మస్జిదులో, చర్చిలో వారానికోసారి తలుపు తీసి మూసేసేది మతం. దీన్ అంటే బతికే పద్ధతి మొత్తం. ఈ తేడా తెలుగులో చెప్పబోతే మాట దొరక్క తడుముకుంటాం. ఖురాన్‌ను తొలుత తెలుగులోకి తెచ్చిన పుణ్యం చిలుకూరి నారాయణరావుగారిది. హిందూ పండితుడు ఆయన. మనం చేయవలసిన పనిని ఆయన తలకెత్తుకున్నారు. ఆ తరువాత అనువాదాలు వచ్చాయి, సంతోషం. అయితే ఇజ్‌తిహాద్ అంటే ఏమిటి, ఖియాస్ ఎలా చేస్తారు, ఇద్దరు ఇమాములు ఎందుకు విభేదించారు అన్న చర్చ తెలుగులో ఇంటింటికీ చేరినప్పుడు గాని మన ఆలోచనకు ఈ నేల మీద వేరు పట్టదు. ప్రకాశం జిల్లాలోనో, కర్నూలు జిల్లాలోనో ఉర్దూ రాని ముసల్మాను ఇంట పుట్టిన పిల్లకు ముందు ఉర్దూ నేర్చుకో, తరువాత అరబీ, ఆ తరువాత దీన్ అనడం మెకాలే పద్ధతికి ఎంత భిన్నం?

పనిని ఎక్కడో మొదలుపెట్టాలంటే ఒక పాఠంతో మొదలుపెట్టవచ్చు. ఖలీఫా మామూన్ కాలంలో, బగ్దాదులో, ముహమ్మద్ బిన్ మూసా ఖ్వారిజ్మీ అల్‌జబ్ర్ వల్ ముఖాబలా రాశారు. బడిలో మన పిల్లలు భయపడే బీజగణితానికి ప్రపంచ భాషల్లో ఉన్న పేరు అందులోంచి వచ్చిందే. ఆ గ్రంథంలో పెద్ద భాగం దేని గురించి? వీలునామాలు, వారసత్వపు వాటాల లెక్కల గురించి. 12వ శతాబ్దంలో ఐరోపావారు దాన్ని లాటిన్‌లోకి మార్చుకున్నప్పుడు ఆ భాగాన్ని వదిలేశారు. బీజగణితం బడికి వెళ్ళింది, ఫరాయిజ్ మదర్సాలో మిగిలింది. ఒక్క గ్రంథంలో పుట్టిన కవలలు వేర్వేరు ఇళ్ళలో పెరిగి ఒకరినొకరు గుర్తుపట్టడం లేదు.

వాళ్ళను కలపడానికి యూనివర్సిటీ అక్కరలేదు. జుమా తరువాత మస్జిదు వరండాలో ఒక ఆలిమ్, ఒక లెక్కల మాస్టారు, ఒక నల్లబల్ల, పదో తరగతి పిల్లలు పదిమంది, ఆడపిల్లలతో సహా, చాలు. లెక్క ఇదీ. ఒకాయన చనిపోయాడు. తల్లిదండ్రులు ముందే పోయారు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు ఉన్నారు. మహర్ బాకీ, అప్పులు తీరగా మిగిలిన పొలం నాలుగు ఎకరాలు, అంటే 160 గుంటలు. భార్యకు ఎనిమిదో వంతు, 20 గుంటలు. ఒక కూతురి వాటాను ఖ్వారిజ్మీ అన్నట్టే షై అందాం. కొడుకుది రెండు షై. మొత్తం నాలుగు షై, దానికి 20 కలిపితే 160. ఒక షై 35 గుంటలు. కొడుక్కి 70, కూతుళ్ళకు చెరి 35. ఆలిమ్ ఆధారం చెబుతాడు, మాస్టారు సమీకరణం వేస్తాడు, అంతా తెలుగులోనే. పాఠమయ్యాక ఇంటికి పని ఇవ్వాలి. తాతగారి పొలం పాసుపుస్తకాలు ఇప్పుడు ఎవరెవరి పేర్ల మీద ఉన్నాయో అడిగి, వాటిలో మేనత్తల పేర్లు ఎన్ని ఉన్నాయో లెక్కబెట్టి వచ్చే జుమాకు రాసుకుని రమ్మనాలి.